వేడి చూసే చెయ్యి

మా అత్తగారింట్లో పొద్దున్నే మొదటి పని పొయ్యి ముట్టించడం. రెండో పని ఆ పొయ్యి మీది ఇసుకలో మా అత్త చెయ్యి పెట్టడం. మాది పేలాలు వేయించే ఇల్లు. సిద్దిపేట బజారుకు వెనక సందులో, వీధిలోకి తెరుచుకున్న చావడిలో మట్టితో కట్టిన పొయ్యి ఉండేది. దాని మీద ఏటవాలుగా కూర్చోబెట్టిన వెడల్పు మూతి కుండను మంగలం అనేవాళ్లం. అందులో సగం దాకా ఇసుక. ఇసుక కాగాక గింజలు పోసి చీపురు కట్టతో కలియబెడితే జొన్నలు పేలాలయ్యేవి, శనగలు పుట్నాలయ్యేవి, మక్కలు గంతులు వేసేవి. ఎవరి గింజలు వాళ్లే మూటగట్టి తెచ్చుకునేవారు. వేయించినందుకు కూలిగా మా అత్త ఒక్కో మూటలోంచి ఒక పిడికెడు తీసుకునేది. ఆమె పిడికిలి పెద్దదని ఊరందరికీ తెలుసు, కానీ ఆమె ముందర ఆ మాట అనే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ పనిలో అసలు విద్య ఇసుక వేడి చూడటం. వేడి చాలకపోతే జొన్న విచ్చుకోదు, ఎక్కువైతే మాడి చేదెక్కుతుంది. మా అత్త అరచేతిని ఇసుక మీద అలా ఆనించి తీసి, పొయ్యిలోకి ఇంకో పుల్ల తోయాలో ఒకటి లాగాలో చెప్పేది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నాచేత కూడా చూపించింది. వేలు ఆనిందో లేదో, చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. తర్వాత మంట తెలిసింది, ఆ తర్వాత ఏడుపు వచ్చింది. మా బాపు వీధిబడి పంతులు. అందుకని మా అత్త నవ్వి, మీ బాపు నీకు అక్షరాలు నేర్పిండు గని చెయ్యిని నేర్పలేదు అంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు.

తర్వాతి కాలంలో నేను నర్సు పని నేర్చుకుని ఎన్నో ఏళ్లు దవాఖానలలో గడిపాను. అక్కడ తెలిసిన సంగతుల్లో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఇదే. నిప్పు తగిలినప్పుడు చెయ్యి వెనక్కి లాక్కోవాలన్న ఆజ్ఞ మెదడు ఇవ్వదు. చర్మం నుంచి బయల్దేరిన కబురు వెన్నుపాము దాకా పోతుంది, అక్కడినుంచే కండకు జవాబు వచ్చేస్తుంది. అదే కబురు పైకి మెదడుకు చేరేసరికి చెయ్యి అప్పటికే బయటపడి ఉంటుంది. నొప్పి వెనక వస్తుంది. ఆ పాఠం విన్న రోజు అందరూ రాసుకుంటున్నారు, నేను మాత్రం మా చావడిలోని పొయ్యిని తలుచుకుంటూ కూర్చున్నాను.

మా ఇంటి దేవుడు కొమురవెల్లి మల్లన్న. మామ పోయినప్పుడు మా అత్త ప్రతి ఏడూ ఉగాదికి ముందు జరిగే అగ్నిగుండంలో నడుస్తానని మొక్కుకుంది. నడిచేది కూడా. నేను వచ్చాక మొదటిసారి బండి కట్టుకుని ఆమెతో వెళ్లాను. గుడి ముందర కట్టెలు కాలి ఎర్రటి నిప్పుల పరుపయ్యాయి. డప్పులు మోగుతున్నాయి, గాలి నిండా పసుపు బండారి. మనుషులు దేవుణ్ణి తలుచుకుని ఆ నిప్పుల మీదినుంచి ఒక్క ఉదుటున దాటుతున్నారు. మా అత్త మాత్రం చేను గట్టు మీద నడిచినట్టు నడిచింది. నడుమ దాకా వచ్చాక కొంగు జారింది. ఆమె ఆ నిప్పుల్లోనే నిలబడి, కొంగు సర్దుకుని, మళ్లీ కదిలింది.

ఆమె నిప్పులు దాటి ఇవతలికి వచ్చింది. తర్వాత ఆడవాళ్లు వచ్చి ఆమె పాదాలకు బండారి రాసి మొక్కారు. నేనూ మొక్కాను. నేను నమ్మలేదని ఇప్పుడు చెబితే అబద్ధమవుతుంది. మనిషికి నిప్పు కాలకపోతే దేవుడు కాక ఇంకేం కారణం ఉంటుందని అందరమూ అనుకున్నాం. ఇసుకలో చెయ్యి పెట్టి పెట్టి గట్టిపడ్డ మనిషి, పైగా మొక్కు తప్పని మనిషి. తిరిగి వచ్చాక ఊళ్లో ఆమె మర్యాదే మారిపోయింది. జ్వరమొచ్చిన పిల్లల్ని తెచ్చి తల మీద చెయ్యి పెట్టమనేవారు. పసిపిల్లలకు నీళ్లు పోయమని పిలిచేవారు. మా అత్త పైకి విసుక్కునేది, లోపల సంతోషపడేది.

ఆమె అరికాలిలో ఒక బొబ్బ లేచింది, పగిలింది, పుండయింది. అది మానలేదు. నొప్పి లేదు గనుక దాన్ని ఎవరూ పుండు అనలేదు, మల్లన్న గుర్తు అన్నారు. ఆమె దాని మీద పసుపు అద్దుకుని యథాప్రకారం పనిచేసుకునేది. ఒకరోజు అంగడి నుంచి ఒక కాలికి చెప్పుతో, ఇంకో కాలు ఉత్తగా ఇంటికి వచ్చింది. ఆ చెప్పు ఎక్కడ జారిందో ఆమెకు తెలియదు. మా ఆయన వెనక్కి వెళ్లి వెతికి తెచ్చాడు. అత్తా, ఇంకొన్నాళ్లకు కాలు మరిచి వస్తావేమో అని నేను ఎగతాళి చేశాను. ముగ్గురం కడుపుబ్బ నవ్వుకున్నాం.

ఆ ఏడు వానాకాలం నాకు బిడ్డ పుట్టింది. నాకు తల్లి లేదు, అందుకే పుట్టింటికి పోలేదు. పురుడు పోసింది, పథ్యం వండింది, నడుముకు గుడ్డ కట్టింది అన్నీ మా అత్తే. చిన్నప్పుడే తల్లి పోయినదాన్ని కాబట్టి, నన్ను అలా ఒకరు చూసుకోవడం నాకు అదే మొదటిసారి. ఆమెను అత్తా అని పిలిచే నోరు అప్పుడే అత్తమ్మా అనడం మొదలుపెట్టింది. ఆమె అది గమనించి కూడా గమనించనట్టే ఉంది.

బిడ్డను చావడిలోనే, పొయ్యి వేడి తగలనంత దూరంలో తొట్టెలో వేసేవాళ్లం. మక్కలు పేలడం మొదలవగానే ఉలిక్కిపడి రెండు చేతులూ చాపేది. ఎవర్నో పట్టుకోబోయినట్టు మళ్లీ దగ్గరికి ముడిచేది. కొన్నాళ్లకు ఆ చప్పుడు దాని లెక్కలోంచి పోయింది, మక్కలు ఎంత పేలినా హాయిగా నిద్రపోయేది. కానీ పక్క ఇంట్లో ఇత్తడి గిన్నె కింద పడితే మాత్రం లేచి కూర్చున్నంత పని చేసేది. ఏ చప్పుడు కొత్తదో ఏది పాతదో ఆ పిడికెడు తల అప్పుడే వేరు చేసుకుంటోందని మేము ముచ్చటపడ్డాం. అరచేతిలో వేలు పెడితే బిగించి పట్టుకునేది. అరికాలు గోటితో గీస్తే కాలివేళ్లు విచ్చుకునేవి. మొదట మెడ నిలిపింది, తర్వాత చేతులతో వస్తువు అందుకోవడం నేర్చింది, కాళ్ల వంతు అన్నిటికన్నా వెనక వచ్చింది. పుట్టిన పిల్లలో నరాలన్నీ ఉంటాయట గాని, వాటి మీద పూత ఇంకా పూర్తిగా పడదట. ఆ పూత పడుతున్న కొద్దీ కబుర్లు తొందరగా, తప్పకుండా చేరతాయట. ఇది నేను చాలా ఏళ్ల తర్వాత తెలుసుకున్నాను. అప్పుడు మాకు తెలిసిందల్లా బిడ్డ రోజురోజుకూ తెలివిలోకి వస్తోందని.

నీళ్లు పోసే పని మా అత్తది. పెరట్లో పీట మీద కూర్చుని కాళ్లు చాపి, బిడ్డను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుని, నూనె మర్దన చేసి, చెంబుతో నీళ్లు పోసేది. కాగులోని వేడినీళ్లు గంగాళంలో పోసి, దానికింత చన్నీళ్లు కలిపి, చెయ్యి పెట్టి చూసుకునేది. ఇసుక వేడి చూసే చేతికి నీళ్ల వేడి ఒక లెక్కా అనుకునేవాళ్లం. నేను ఒక్కనాడు కూడా వేలు ముంచి చూడలేదు. చూస్తే ఆమెను అవమానించినట్టు ఉండేది.

చలికాలంలో ఒక పొద్దున. ఎవరింట్లోనో పెళ్లి ఉంది, వాళ్లకు పేలాలు బస్తాలకొద్దీ కావాలి. మా ఆయన చావడి పొయ్యీ, నీళ్ల కాగు ఉండే పెరటి పొయ్యీ రెండూ ఎగదోసి పెట్టాడు. కాగులో నీళ్లు మసిలి తెర్లిపోయాయి. మా అత్త రోజూ కలిపే లెక్కనే చన్నీళ్లు కలిపింది. చెయ్యి ముంచింది, చాలనుకుంది. నేను చావడిలో మంగలం దగ్గర ఉన్నాను. మొదటి చెంబుకు బిడ్డ ఏడ్చింది. పిల్లలు నీళ్లకు ఏడుస్తారు కదా, నేను లేవలేదు. ఆ తర్వాత వచ్చిన ఏడుపు వేరు. ఆ ఏడుపుకు మధ్యలో ఊపిరి ఆగిపోయింది. చేతిలోది పారేసి పరుగెత్తాను. మా అత్త ఇంకో చెంబు ఎత్తుతోంది. బిడ్డ రెండు కాళ్లూ కడుపులోకి ముడుచుకుంటోంది, ఆమె వాటిని మెల్లగా సాపు చేస్తోంది.

నేను బిడ్డను లాక్కున్నాను. ఆ తోపులో గంగాళం ఒరిగి నా పాదాల మీద నీళ్లు పడ్డాయి. నాకు ప్రాణం పోయినంత పనైంది. బిడ్డ తొడలు ఎర్రగా కందిపోయాయి, ఒక పాదం మీద చర్మం అప్పటికే ఉబ్బుతోంది. నేను ఏమేమి అరిచానో నాకు గుర్తులేదు. అత్తను అనకూడని మాటలే అని ఉంటాను. ఆమె నా మీద కోప్పడలేదు. నీళ్లు గోరువెచ్చగనే ఉన్నయని, తాను చూసే పోసిందని చెబుతోంది. చెబుతూనే నా పాదాల వైపు చూసింది, బిడ్డ కాలి వైపు చూసింది. తర్వాత గంగాళంలో మిగిలిన నీళ్లలో చెయ్యి పెట్టింది. పెట్టి, అక్కడే ఉంచింది. మణికట్టు దాకా చెయ్యి ఎర్రబడుతోంది. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

"కాలుతలేదు" అంది.

నేను ఆమె చెయ్యి పట్టి బయటికి లాగాను. ఆమె ఆ చేతిని ఎవరిదో చేతిలాగా తిప్పి తిప్పి చూసుకుంది. లేచి చావడిలోకి పోయి, ఎవరూ ఆపేలోపు ఇసుకలో పెట్టింది. మా ఆయన పట్టుకుని పక్కకు తీశాడు. ఆమె ఏడవలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, బిడ్డ కాలికి ఏం రాయాలో నాకు ఒక్కొక్కటే చెప్పింది.

మరునాడు బిడ్డనూ అత్తనూ తీసుకుని దవాఖానకు పోయాం. అక్కడి డాక్టరు ముసలాయన, ఉర్దూ తెలుగు కలిపి మాట్లాడేవాడు. బిడ్డ కాలికి మందు రాసి, భయం లేదు, చర్మం వస్తుందన్నాడు. తర్వాత మా అత్త కాలిన చేతికి కూడా మందు రాసి, రెండో చెయ్యి పట్టుకున్నాడు. దూది పింజతో వేళ్ల మీద తాకి, తెలుస్తోందా అని అడిగాడు. తెలుస్తోందని చెప్పింది. సూదితో తాకితే అదీ తెలుస్తోందని చెప్పింది. నాకు ఊపిరి వచ్చింది. అప్పుడాయన కళ్లు మూసుకొమ్మన్నాడు. మళ్లీ తాకాడు. మా అత్త ఆయన ఎప్పుడు తాకుతాడా అని ఎదురుచూస్తూ కూర్చుంది. ఆయన సూదితో గుచ్చుతూనే ఉన్నాడు, ఆమె ఎదురుచూస్తూనే ఉంది. కళ్లు తెరిచి వేలి మీద నెత్తురు బొట్టు చూసి, అప్పుడు అమ్మా అంది.

ఆమె అబద్ధం చెప్పలేదు. కళ్లతో చూసిన దాన్నే చేత్తో తాకినట్టు అనుకుంది, అంతే. నాకు అప్పుడు ఒక్కొక్కటే వెలిగింది. ఇసుకలో చెయ్యి పెట్టాక, నాలుగు గింజలు వేసి వాటి చప్పుడు విని మూట విప్పడం ఆమెకు ఏడాదికి పైగా అలవాటైంది. కొత్త పద్ధతి అనుకున్నాను. ఇసుక రంగు చూసేది, మంట చూసేది, మాడు వాసన పసిగట్టేది. చెయ్యి చెప్పడం మానేసిన సంగతిని కళ్లూ చెవులూ ముక్కూ కలిసి ఆమెకు తెలియనీయకుండా చూసుకున్నాయి. తల లోపల ఈ కబుర్లన్నీ ఒకచోట చేరి ఒకే మాటగా అందుతాయట. అందులో ఒకరు మూగబోతే మిగిలినవాళ్లు ఆ మాట పూర్తిచేస్తారట. పేలే గింజ చప్పుడు చేస్తుంది. నీళ్లు చప్పుడు చేయవు. పెరటి పొగలో ఆవిరి కూడా కనబడదు. అక్కడ చెయ్యి తప్ప చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

డాక్టరు ఆమె మోచేతి వెనక నొక్కి చూసి, నన్నూ చూడమన్నాడు. చర్మం కింద నరం మొద్దు దారంలా తగిలింది. నా మోచేతి దగ్గర వెతికితే అంత లావు లేదు. వీపు మీద తెల్లగా పాలిపోయిన మచ్చ ఉంది. అది నేను ఎన్నోసార్లు చూశాను, మామూలు తెల్లపొడ అనుకున్నాను. ఆయన గొంతు తగ్గించి, కుష్టు అని రోగం పేరు చెప్పాడు. మా దిక్కు దాన్ని పెద్దరోగం అంటారు, ఆ పేరు కూడా గట్టిగా పలకరు. చెయ్యి చెడిపోలేదని, చేతినుంచి కబురు మోసుకుపోయే నరాన్ని ఆ రోగం తిన్నదని చెప్పాడు. నొప్పి లేకపోవడమే ఆ రోగం మొదటి గుర్తని కూడా చెప్పాడు. పసిబిడ్డకు ఆమె గాలి తగలనీయకండి అని నా వైపు చూసి అన్నాడు.

మా అత్త అక్కడ ఒక్క మాట అడిగింది. డాక్టర్ని కాదు, నన్ను.

"అయితే గుండంల నన్ను నడిపించింది మల్లన్న గాదా, పిల్లా?"

నేను బిడ్డను ఇంకో భుజం మీదికి మార్చుకున్నాను. నాకు తెలిసిన శాస్త్రం అంతా తర్వాత తెలిసింది. ఆమె దేవుణ్ణి నమ్మి నిప్పుల్లో దిగింది. చచ్చిన నరం ఆమెను దాటించింది. ఈ రెండింటిలో ఏది నిజమని అడిగితే రెండూ నిజమే అంటాను, కానీ ఆ మాట ఆమె బాధకు పనికివచ్చేది కాదు.

సంగతి ఊళ్లో పొక్కడానికి ఎంతోసేపు పట్టలేదు. కాళ్లకు బండారి రాసినవాళ్లే మా సందు మొగలో ఆగి వెనక్కి తిరిగారు. తల మీద చెయ్యి పెట్టించుకున్న పిల్లలకు వాళ్ల అమ్మలు వేపాకు నీళ్లతో తానం చేయించారని విన్నాను. మూటలు రావడం ఆగిపోయింది. మంగలం చల్లారింది. నాకు వాళ్ల మీద కోపం వచ్చింది, ఇప్పుడు తలుచుకున్నా వస్తుంది. కానీ నా బిడ్డను నేను కూడా ఆమెకు ఇవ్వడం లేదు కదా, నా కోపానికి నోరెక్కడిది? నేను వంటింట్లో, ఆమె పెరటి చూరు కింది సాయబానులో. అన్నం తీసుకెళ్లి కొంచెం దూరంలో పెట్టేదాన్ని. బిడ్డ ఆమె గొంతు వింటే చాలు, నా చంకలోంచి అటు వంగేది.

మా ఆయన ఆమెను చేను దగ్గర గుడిసె వేసి ఉంచుతానన్నాడు. తల్లిని ఎక్కడికో పంపిస్తే తాను మనిషేనా అని ఏడ్చాడు. ఈ రోగానికి రైలెక్కి పోవాల్సినంత దూరంలో ఒక దవాఖాన ఉందని, అక్కడే ఉంచుకుని మందిస్తారని డాక్టరు చెప్పాడు. పోవాలని నిర్ణయం చేసింది మా అత్తే. ఎవరూ పొమ్మనకముందే మూట కట్టుకుంది. ఆమె బయల్దేరే పొద్దున బిడ్డ చేతులు చాపింది. ఆమె రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. బిడ్డ ఇంకా ముందుకు వంగింది. ఆమె గబగబా బండెక్కి, మళ్లీ ఇటు తిరగలేదు. నేను బిడ్డను గుండెకు అదుముకుని లోపలికి వచ్చి, పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. నాకు రెండోసారి తల్లి పోయింది.

మా ఆయన మిరుదొడ్డి అంగడిలో, ఇంకా మా సంగతి తెలియని ఊళ్ల అంగళ్లలో పుట్నాలు అమ్మి ఇల్లు నడిపాడు. వీలైనప్పుడు ఆమెను చూసి వచ్చేవాడు. నేను రెండుసార్లు వెళ్లాను. అక్కడ ఒక రకం నూనెను సూదిమందుగా ఇచ్చేవారు, దాని మంట భరించలేమని మిగతా రోగులు అనేవారు. మా అత్త మాత్రం ఆ మంట తెలిసిన చోట్ల సంతోషపడేదట, అక్కడ ఇంకా ప్రాణం ఉందని. రోజూ సాయంత్రం కాళ్లూ చేతులూ తిప్పి చూసుకోవడం అక్కడ నేర్పారు. ఎక్కడ గీసుకుందో, ఎక్కడ కాలిందో చర్మం చెప్పదు గనుక కళ్లు పనిగట్టుకుని వెతకాలి. నేను చూస్తుండగానే ఆమె అరికాలిలోంచి ఒక ముల్లు తీసి పక్కన పెట్టింది. అది పొద్దుటినుంచి ఉండి ఉంటుందంది. ఆమె వేళ్లు అప్పటికే లోపలికి వంకరపోతున్నాయి. ఆ దవాఖానలో నర్సులు చేసే పని చూసే నాకు ఆ పని మీద మనసు పడింది.

తర్వాత కొంతకాలం దారులు బాగలేవు. ఊళ్లల్లో గొడవలు, రాకపోకలు లేవు. మేము ఆమెను చూడలేదు. బిడ్డ నడిచింది, పరుగెత్తింది, గలగలా మాట్లాడింది. నాయనమ్మ ఎక్కడుందని అడిగితే మందు తాగడానికి పోయిందని చెప్పేదాన్ని. నిజాం రాజ్యం పోయాక దారులు తెరుచుకున్నాయి. అప్పటికి ఆ దవాఖానలో కొత్త బిళ్లలు వచ్చాయి. మా ఆయన వెళ్లి డాక్టర్లతో మాట్లాడాడు. రోగం పోయిందని, ఇక ఎవరికీ అంటదని, ఇంటికి తీసుకుపోవచ్చని చెప్పారు. చేతుల్లో స్పర్శ మాత్రం రాదన్నారు. రోగాన్ని చంపే మందు ఉంది గాని, చచ్చిన నరాన్ని లేపే మందు లేదన్నారు. బిడ్డ చర్మం కాలిన చోట కొన్నాళ్లకే మళ్లీ చక్కిలిగింత పుట్టింది, ఆమెకు అంత అదృష్టం లేదు.

బస్సు దిగే చోటికి బిడ్డను తీసుకుని నేనే వెళ్లాను. మా ఆయన వెనక మా అత్త దిగింది. చిక్కిపోయింది, జుట్టు తెల్లబడింది. చేతులు కొంగు కిందే ఉన్నాయి. నన్ను చూసి, లావెక్కినవే అంది. నేను నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. బిడ్డ నా వెనక దాక్కుని ఆమెను ఎగాదిగా చూసింది. ఆమె బిడ్డ దగ్గరికి రాలేదు, ఎంత ఎదిగిందని మాత్రం అంది. అందరం నడవడం మొదలుపెట్టాం. మా ఆయన మూట పట్టుకుని ముందు నడుస్తున్నాడు. ఆమె ఆ ఇంటివాళ్లు ఎట్లున్నరు, ఈ ఇంటివాళ్లు ఎట్లున్నరు అని అడుగుతోంది. ఎండకు చెమట పట్టి, నుదురు తుడుచుకోవడానికి చెయ్యి బయటికి తీసింది. మళ్లీ దాచుకోవడం మరిచిపోయింది.

బిడ్డ నా వేలు వదిలి అటు పక్కకు పోయింది. పోయి, ఆ వంకర వేళ్లలో తన చెయ్యి పెట్టి నడుస్తోంది. నేను చూశాను. మా అత్త చూడలేదు. ఆమెకు తెలియదు. ఆమె నాతో మాట్లాడుతూనే ఉంది, బిడ్డ ఆమె చెయ్యి పట్టుకుని నడుస్తూనే ఉంది.  కొంతదూరం పోయాక ఏదో అడగబోయి అటు తిరిగింది. చూసింది. నడక ఆగిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకోవాలని ఆమె భుజం కదిలింది. నేను వద్దని తల ఊపాను. డాక్టర్లు భయం లేదన్నారు కదా అన్నాను. ఆమె ఆ చేతిని ఉన్నచోటే ఉంచి, దానివైపే చూస్తూ నిలబడింది. అలా చూస్తూనే నన్ను అడిగింది.

"దాని చెయ్యి ఎట్లున్నది, చెప్పు పిల్లా."

నేను వంగి, వాళ్లిద్దరి చేతుల మీద నా చెయ్యి వేశాను.

"వెచ్చగున్నది అత్తమ్మా. చెమట వట్టింది. గట్టిగ వట్టుకున్నది."

"గట్టిగనేనా?"

"గట్టిగనే."

ఆమె తల ఊపింది. ఇల్లు చేరేదాకా దారి చూడలేదు, ఆ చేతినే చూసుకుంటూ నడిచింది.